అత్తగారి చివరి వయసు

కళ్లజోళ్ల షాపాయనను ఆ వీధిలో అందరూ ముందుచూపు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టింది పక్క కొట్లో తాళంచెవులు చేసే మనిషి. మంచి ఎండలో గొడుగు కొనేవాడూ, పన్ను నొప్పి పుట్టకముందే డాక్టరు దగ్గరికెళ్లి నోరు తెరిచేవాడూ, చెప్పు అరగకముందే మడమ వేయించుకునేవాడూ ఆ వీధిలో ఇతనొక్కడే. అందుకని వ్యాపారానికీ మనిషికీ కలిపి ఒకే పేరు సరిపోయింది. అతను కూడా ఆ పేరు విని మురిసిపోయేవాడే తప్ప ఏనాడూ నొచ్చుకోలేదు.

అలాంటివాడికి యాభై నాలుగో ఏట గట్టి దెబ్బే తగిలింది. ఎన్నో ఏళ్లుగా ఫ్రేములు తెచ్చి ఇస్తున్న ఏజెంటు ఒకరోజు ఖాళీ చేతులతో షాపుకొచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, "ఇదే ఆఖరు. రిటైర్ అయిపోతున్నా. ఆన్‌లైన్లో లెక్క చూసుకున్నా, సరిపోతుందంది. మరి నీ సంగతేంటి?" అన్నాడు.

వానకీ, పన్నుకీ, చెప్పుకీ ముందే సిద్ధపడ్డవాడు ముసలితనానికి మాత్రం సిద్ధంగా లేడన్న సంగతి ముందుచూపుకు అప్పుడే తట్టింది.

ఆ మధ్యాహ్నం బేరాలు లేని వేళ కంప్యూటర్లో ఒక రిటైర్మెంట్ క్యాలిక్యులేటర్ తెరిచాడు. వరసగా గళ్లు. ఇప్పటి వయసెంత, పని ఎప్పుడు మానేస్తారు, ఇంతవరకూ ఎంత దాచారు, నెల ఖర్చెంత, దాచింది ఏడాదికి ఎంత పెరుగుతుంది, బజారు ధరలు ఏడాదికి ఎంత పెరుగుతాయి. అన్నిటికీ నిజాయితీగా జవాబులు రాశాడు. చివరి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. "ఎన్నేళ్ల వరకు జీవిస్తారు?" ఇంత సూటిగా అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పిల్లనిచ్చిన మామగారు కూడా అడగలేదు. గొంతు సవరించుకుని ఎనభై అయిదు అని కొట్టాడు.

తెర మీద ఒక ముల్లు ఊగి ఊగి ఎర్రరంగులో పడింది. "మీ డబ్బు మీ 72వ ఏట అయిపోతుంది."

అంటే మిగతా పదమూడేళ్లూ గాలి భోంచెయ్యాలి.

నమ్మలేక ఇంకొకటి తెరిచాడు. అది బీమా కంపెనీది. మీరు తొందరగా పోతారేమో, పాలసీ తీసుకోండి అంది. మరొకటి ఫండ్ కంపెనీది. మీరు ఎంతకీ పోరేమో, మా దగ్గర డబ్బు పెట్టండి అంది. మూడోది లెక్క చెప్పేముందు ఫోన్ నంబరు అడిగింది. ఇచ్చాడు. ఆ సాయంత్రం నుంచి అతని భవిష్యత్తు గురించి అతనికన్నా ఎక్కువ బెంగపడేవాళ్లు భోజనాల వేళ చూసి మరీ ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. వెతగ్గా వెతగ్గా ఏ కంపెనీకీ చెందనిది ఒకటి దొరికింది. కుటుంబంలో ఒక్కొక్కరికీ ఒక్కో వరస రాసుకోవచ్చు, రాసింది దాచుకోవచ్చు. దాన్ని గట్టిగా నమ్ముకున్నాడు. ముల్లు మాత్రం ఎరుపు వదల్లేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అతను, అతని భార్య, భార్య తల్లి. పిల్లలు లేరు. భార్య ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. బిగుసుకుపోయిన భుజాల్నీ మొరాయించే మోకాళ్లనీ దారిలో పెట్టడం ఆవిడ పని. అత్తగారికి డెబ్బై ఎనిమిది. మూడంతస్తుల మెట్లు ఎక్కిదిగుతుంది, రాళ్లు తిన్నా అరిగించుకుంటుంది, కిటికీలోంచి చూస్తూ వీధి మొత్తానికీ మార్కులు వేస్తుంది. అల్లుణ్ణి మామూలుగా "బాబూ, నువ్వు" అంటుంది. కోపం వస్తే మాత్రం "అల్లుడుగారూ, మీరు" అంటుంది. ఆవిడ మర్యాద పెరిగిందంటే ఇంట్లో పిల్లి కూడా మంచం కిందికి పోతుంది.

క్యాలిక్యులేటర్ వచ్చిన వారానికల్లా ఇల్లు మారిపోయింది. ఒకరు గదిలోంచి బయటికి అడుగు పెట్టేలోపే లైటు ఆరిపోయేది. పళ్లపేస్టు గొట్టాన్ని షాపులో బ్లేడు తెచ్చి నిలువునా చీల్చి, లోపలి గోడలకంటిందంతా గీకించేవాడు. ఒక ఉదయం భార్య రెండో కప్పు కాఫీ కలుపుకుంటుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ కప్పు విలువెంతో తెలుసా?"

"తెలుసు. ఇది పడకపోతే పదకొండింటికి ఎవరి మెడో తప్పుగా తిప్పుతాను."

"అది కాదు. రోజూ ఈ కప్పు డబ్బులు దాచి, ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున పెరిగితే, ఇరవై ఏళ్లకి ఎంతవుతుందో తెలుసా?"

"ఎంతైనా కానివ్వండి. ఆ డబ్బుతో అప్పుడేం చేస్తాం?"

ముందుచూపు కాసేపు ఆలోచించాడు. "కాఫీ తాగుతాం," అన్నాడు.

భార్య అతని కళ్లలోకి చూస్తూ కప్పు ఖాళీ చేసింది.

అత్తగారి వెన్న బిస్కట్ల మీదా వేటు పడింది. వాటి చోట పల్చటివి, తెల్లగా పాలిపోయినవి వచ్చాయి. ఆవిడ ఒకటి కొరికి, తిప్పి చూసి, "బాబూ, ఇది బిస్కట్టా, బిస్కట్ల కింద వేసే అట్టా?" అని అడిగింది. "రుచి అలవాటవుతుంది అత్తయ్యగారూ," అన్నాడు అతను. అప్పటికింకా ఆవిడ "బాబూ" దగ్గరే ఉంది.

ఆదివారం పొద్దున అతను జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లాడు. అత్తగారు పాత సినిమా చూద్దామని ట్యాబ్ తీసింది. తెర మీద గళ్లూ అంకెలూ ఉన్నాయి. మూసేద్దామనుకుంటుండగా ఒక వరస మొదట్లో "అత్తగారు" అన్న మాట కనిపించింది. అక్షరాలు వేళ్లతో సాగదీసి పెద్దవి చేసుకుని చదివింది. తరవాత కూతుర్ని కేక వేసింది.

"అమ్మడూ, ఇలా రా. నీ మొగుడు నన్ను చంపేశాడు."

కూతురు చేతిలో ఇస్త్రీపెట్టెతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా, ఏమైంది?"

"చూడు. అత్తగారు, ఇప్పటి వయసు డెబ్బై ఎనిమిది. సరే, ఒప్పుకుంటాను. చివరి వయసు ఎనభై రెండంట! నాలుగేళ్లే! పాలవాడికి చెప్పినట్టు చెప్పాడే, ఇంకో నాలుగేళ్లు పోసి ఆపెయ్యమని!"

కూతురు నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది. తరవాత కింది వరస చూసింది. "నన్ను మాత్రం తొంభై దాకా ఉంచారు."

"ఉంచడూ మరి? నువ్వు పోతే ఆ నడుం ఎవరు నొక్కుతారు?" అత్తగారు తన గడిలో ఎనభై రెండు కొట్టేసి నూట అయిదు వేసింది. ముల్లు ఎరుపులోనే ఇంకా మూలకి పోయి నక్కింది.

"అయ్యో అమ్మా, నువ్వు నూట అయిదు దాకా ఉన్నావంటే రేపట్నుంచి ఆ అట్టముక్కలు కూడా రావు," అంది కూతురు.

"నేను మాత్రం తగ్గేది లేదు. ఇంకెక్కడైనా నొక్కు."

ఫిజియోథెరపిస్టుకు ఎక్కడ నొక్కితే ఎక్కడ కదులుతుందో కనిపెట్టడం అలవాటే. ఒక్కో గడీ కొంచెం కొంచెం మార్చి చూసింది. ఖర్చు తగ్గిస్తే ముల్లు బద్ధకంగా జరిగింది. బజారు ధరలు పెరిగే గడి మీద వేలు పెట్టగానే మాత్రం ముల్లు ఉలిక్కిపడింది. అక్కడ ఆరు పాయింట్ అయిదు అని ఉంది. ఆవిడ చుక్కని ఒక్క అంకె ఎడమకి జరిపింది. సున్నా పాయింట్ ఆరు అయిదు. ముల్లు పచ్చరంగు చివరికి ఒక్క దూకు దూకింది. తెర మీద రంగురంగుల కాగితాలు రాలాయి. "అభినందనలు! మీరు ఈరోజే రిటైర్ కావచ్చు!"

"ధరలు పెరక్కపోతే ఎవరైనా రిటైర్ కావచ్చమ్మా," అంది కూతురు.

"నూట అయిదేళ్లకీ సరిపోయిందా?"

"సరిపోయింది. ఇంకా మిగిలింది కూడా."

"అయితే దాచు," అంది అత్తగారు.

జుట్టు కత్తిరించుకుని వచ్చిన ముందుచూపు ట్యాబ్ తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. వంటింట్లోంచి ఇద్దరాడవాళ్లూ ఊపిరి బిగబట్టి చూశారు. అతను తెర దగ్గరికి జరిపాడు, దూరం జరిపాడు, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "ఆహా" అన్నాడు. ఇంకేమీ అనకుండా చెప్పులేసుకుని బయటికి పోయి, వెన్న బిస్కట్ల పెద్ద డబ్బాతో తిరిగొచ్చాడు.

"తీసుకోండి అత్తయ్యగారూ. ఒకటి కాదు, రెండు తినండి."

తల్లీకూతుళ్లు ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. మూడురోజులు ఇల్లు స్వర్గంలా ఉంది. లైట్లు వెలిగాయి. కొత్త పేస్టు వచ్చింది. రెండో కప్పు కాఫీ అతనే కలిపి భార్య చేతికిచ్చాడు. నాలుగోరోజు రాత్రి భోజనాల దగ్గర మంచినీళ్లు తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, "షాపు వదిలేస్తున్నా," అన్నాడు.

భార్యకి పొలమారింది. "వదిలేస్తున్నారా? ఎవరికి?"

"షాపులో అద్దాలు కోసే అమ్మాయికి అప్పజెప్పేస్తున్నా. లెక్క చూశాగా, ఈరోజే రిటైర్ కావచ్చంది. నాకెందుకింక ఈ చాకిరీ? రేపట్నుంచి ఇంట్లోనే, మీతోనే."

"ఇంకోసారి సరిచూసుకోకూడదూ?" అంది భార్య నెమ్మదిగా.

"క్యాలిక్యులేటర్ తప్పు చెప్తుందా?" అన్నాడతను.

మర్నాటి నుంచి అతను నిజంగానే ఇంట్లో ఉన్నాడు. మొదటిరోజు వంటింట్లో డబ్బాలన్నీ దించి, పెద్ద అక్షరాలవి దూరంగా, చిన్న అక్షరాలవి దగ్గరగా ఉండేలా సర్ది, ఉప్పు ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా చేశాడు. రెండోరోజు అత్తగారు కిటికీ దగ్గర కూర్చుంటే తనూ కుర్చీ లాక్కుని కూర్చుని, ఆవిడ మార్కులు వేసిన ప్రతివాడికీ తను ఇంకో మార్కు కలిపాడు. మూడోరోజు భార్య పనిచేసే ఆసుపత్రికి వెళ్లి, పేషెంట్ల బెంచీ మీద తీరిగ్గా కూర్చుని, "కానివ్వు, నాకేం తొందర లేదు, రిటైర్డ్ మనిషిని," అన్నాడు. భుజం నొప్పితో వచ్చిన పెద్దాయనకి తను కూడా ఒక సలహా ఇచ్చాడు. ఆ సలహా విని ఆయన చెయ్యి ఎత్తి, దించలేకపోయాడు.

నాలుగోరోజు ట్రంపెట్ వచ్చింది.

ఇన్నాళ్లూ క్యాలిక్యులేటర్ గురించి బాకా ఊదినవాడు ఇప్పుడు నిజమైన బాకాయే పట్టుకున్నాడు. "చిన్నప్పట్నుంచీ కోరిక," అన్నాడు. ఆ కోరిక గురించి పాతికేళ్ల కాపురంలో భార్య విన్నది అదే మొదటిసారి. సాధన వేళగా మధ్యాహ్నం రెండు గంటలు ఎంచుకున్నాడు. సరిగ్గా అత్తగారు కునుకు తీసే వేళ. మొదట గేదె ఈనుతున్నట్టు ఒక శబ్దం, తరవాత దాన్ని ఎవరో ఓదారుస్తున్నట్టు ఇంకో శబ్దం. కింది అంతస్తువాళ్లు చీపురుకర్రతో తమ ఇంటి కప్పుని కింది నుంచి కొట్టారు. అతను దాన్ని తాళం అనుకుని ఇంకా హుషారుగా ఊదాడు.

"అల్లుడుగారూ," అంది అత్తగారు లేచి కూర్చుని, "మీరు దయచేసి అది మేడ మీద ఊదుకోండి."

"మేడ మీద గాలెక్కువ అత్తయ్యగారూ. శృతి చెదిరిపోతుంది."

ఉన్న శృతి కూడా చెదిరిపోతుందట! ఆవిడ చెవుల్లో దూది కుక్కుకుంది.

ఇక లాభం లేదని భార్య సెలవు పెట్టి షాపుకు వెళ్లింది. అద్దాలు కోసే అమ్మాయి కౌంటర్ వెనక నిలబడి ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తోంది. ఆయన వెళ్లాక భార్య గొంతు తగ్గించి అడిగింది.

"కాగితాలు రాసుకున్నారా? షాపు నీ పేర పెట్టేశారా?"

"ఇంకా లేదు మేడం," అంటూ ఆ అమ్మాయి గబుక్కున వంగి కింద ఏదో వెతికింది. వెతుకుతున్న భుజాలు కదులుతున్నాయి. లేచేసరికి ముఖం ఎర్రగా ఉంది. "సోమవారం అన్నారు మేడం. సార్ చాలా పట్టుదలగా ఉన్నారు."

భార్య ఇంటికొచ్చి తల్లిని గదిలోకి లాగి తలుపేసింది. పక్క గదిలో ట్రంపెట్ ఏడుస్తోంది.

"చెప్పేద్దామమ్మా. సోమవారం సంతకాలంట."

"నువ్వే చెప్పు. చుక్క జరిపింది నువ్వు."

"జరపమంది నువ్వు!"

"నేను నూట అయిదు వేశాను. అది నా హక్కు. చుక్క సంగతి నాకేం తెలుసు?"

చివరికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ముందుచూపు మంచం మీద కూర్చుని, కళ్లజోళ్లు తుడిచే మెత్తటి గుడ్డతో ట్రంపెట్ తుడుస్తున్నాడు. భార్య గొంతు సవరించుకుంది.

"ఏవండీ, ఆ లెక్కలో ఒక పొరపాటు ఉంది."

"ఊఁ," అన్నాడు తల ఎత్తకుండా. "చుక్క జరిపింది నువ్వా, అత్తయ్యగారా?"

"మీకు తెలుసా?" అంది భార్య. "ఎప్పట్నుంచి?"

"చూసిన క్షణం నుంచి. రెండున్నర పవర్ అద్దం పెట్టాల్సిన చోట పావు పవర్ పెడితే మనిషి బస్సు కింద పడతాడే! తేడా ఏంటి? ఒక్క చుక్క. పొద్దున లేస్తే నా బతుకంతా ఆ చుక్కతోనే. దాన్ని నా కళ్ల ముందే జరిపి, నాకు కనపడదనుకున్నారా?"

"మరి షాపు?"

"పది రోజులు సెలవు పెట్టా, అంతే. ఆ అమ్మాయికి అంతా చెప్పే వచ్చా. నువ్వు షాపుకి వచ్చినప్పుడు నవ్వు ఆపుకోలేక చచ్చానని ఫోన్ చేసింది."

"ఈ బాకా?"

"అద్దెకి తెచ్చా."

భార్య దిండు తీసి అతని మీదికి విసిరింది. అతను ట్రంపెట్ అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వాడు. పెళ్లయిన కొత్తలో అలా నవ్వేవాడు. ఆవిడ కూడా మంచం చివర కూలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. క్యాలిక్యులేటర్ వచ్చాక ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వడం అదే మొదటిసారి.

అత్తగారు మాత్రం నవ్వలేదు. గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అంతా బాగుంది అల్లుడుగారూ. ఎనభై రెండు సంగతి ఎవరు చెప్తారు?"

ముందుచూపు ట్రంపెట్ పక్కన పెట్టాడు. "అది నేను వేసింది కాదు అత్తయ్యగారూ. ఆ గడిలో దానంతటదే పడింది. అది సగటు."

"సగటా?" ఆవిడ ఒక్కడుగు లోపలికి వేసింది. "నేనా?"

"మార్చుదామనే అనుకున్నా..."

"మార్చలేదుగా. ఎందుకు మార్చలేదు? మారిస్తే మీ ముల్లు ఇంకా ఎరుపులోకి పోతుందని. అవునా, కాదా?"

అబద్ధం చెప్పడానికి అతను నోరు తెరిచాడు. కానీ ఎదురుగా ఉన్నది వీధి మొత్తానికీ మార్కులు వేసే మనిషి. నోరు మూసుకుని తల దించుకున్నాడు. చెవుల దాకా సిగ్గు కమ్మింది. ఇన్నాళ్లూ తను అంకెలు కదిపాననుకున్నాడు. ఆ అంకెల్లో ఒకటి ఇంట్లో మెట్లెక్కి దిగుతోందని అప్పుడే తెలిసినట్టయింది.

"తప్పే అత్తయ్యగారూ," అన్నాడు. "భయమేసింది. మా నాన్న చివరి రోజుల్లో మందుల చీటీ పట్టుకుని ఏది కొనాలి, ఏది మానాలి అని కొట్టు ముందు నిలబడేవాడు. ఆ ఎరుపు చూడగానే అదే గుర్తొచ్చింది. ఆ తరవాత ఎవరి గడిలో ఏం ఉంచేశానో నాకే తెలీలేదు."

అత్తగారు కొంచెంసేపు అతన్ని చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "ట్యాబ్ తే బాబూ," అంది.

ముగ్గురూ మొదటి గడి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. బజారు ధరల చుక్క తన చోటికి వెళ్లింది. అత్తగారి చివరి వయసు దగ్గర బేరం నడిచింది. ఆవిడ నూట అయిదంటే కూతురు తొంభై అయిదంది. నూరు దగ్గర తెగింది. భార్య పని మానేసే వయసు అరవై అని ముందుచూపు ఎప్పుడో రాసేశాడు.

"ఇది ఎవర్నడిగి రాశారు?" అంది భార్య. "నా చేతులు ఆడినన్నాళ్లూ నేను చేస్తాను. మానెయ్యాలనిపిస్తే యాభై ఆరుకే మానేస్తాను. ముందు నన్నడగండి."

అడిగాడు. పాతికేళ్లలో ఆ ప్రశ్న అతను ఆవిడని అడగడం అదే మొదలు. అరవై మూడు, వారానికి నాలుగురోజులు అంది. ఆ సమాధానం చెప్పడానికి ఆవిడకి అరక్షణం పట్టలేదు. ఎప్పుడో అనుకుని, అడిగేవాళ్ల కోసం చూస్తున్నట్టుంది.

అతని వరస దగ్గరికి వచ్చేసరికి ఇంకో సంగతి బయటపడింది. అతను లేని ఇన్ని రోజుల్లో షాపులో బేరం తగ్గకపోగా కొంచెం పెరిగింది. కళ్లు పరీక్ష చేయించుకోవడానికి వచ్చినవాళ్లకి ఆ అమ్మాయి ముందుజాగ్రత్త మీద ఉపన్యాసం ఇవ్వదు, కళ్లజోడు ఇచ్చి పంపిస్తుంది. ఆ మాట చెప్పేటప్పుడు అతను తుడిచిన ట్రంపెట్‌నే మళ్లీ తుడిచాడు. అమ్మాయిని వాటాదారుగా చేర్చుకుని, అతను మధ్యాహ్నం దాకా మాత్రమే షాపులో ఉండి, అలా డెబ్బై దాకా లాగించేటట్టు రాశారు.

ముల్లు ఊగింది. ఎరుపు దాటింది. పచ్చ అందలేదు. మధ్యలో పసుపు మీద ఆగి, కొంచెం వణికి, అక్కడే నిలబడింది.

"పసుపంటే ఏంటంట?" అంది అత్తగారు.

ముందుచూపు కింద చిన్న అక్షరాలు చదివాడు. "జాగ్రత్తగా ఉంటే సరిపోవచ్చు."

"అది చెప్పడానికి దీనికి కరెంటు కూడానా?" అందావిడ.

సోమవారం సంతకాలు నిజంగానే జరిగాయి, అయితే వాటా కాగితాల మీద. అద్దాలు కోసే అమ్మాయి సంతకం పెట్టేముందు రెండుసార్లు చదువుకుని, ఒక అంకె దగ్గర చుక్క సరిగ్గా ఉందా అని అడిగింది. అందరూ ఆ అంకె మీదికి వంగారు. చుక్క ఉండాల్సిన చోటే ఉంది.

మొదటి ఖాళీ మధ్యాహ్నం ముందుచూపుకి కాళ్లూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. షాపు నుంచి ఇంటికి వచ్చి, భోంచేసి, రెండుసార్లు గడియారం చూశాడు. భార్య డ్యూటీలో ఉంది. అత్తగారు అతని అవస్థ చూసి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పద బాబూ. లాంచీ ఎక్కి ఏటి అవతలి ఒడ్డు చూసొద్దాం. ఎన్నాళ్లుగానో అడుగుతుంటే పగటిపూట మీ ఇద్దరికీ ఖాళీ ఎక్కడిదీ?"

రేవు దగ్గర టికెట్ల కిటికీ ముందు పెద్ద వరుసేమీ లేదు. నీళ్లు ఎండకి మెరుస్తున్నాయి. లాంచీ తాళ్లు విప్పడానికి సిద్ధంగా ఉంది. టికెట్లిచ్చే మనిషి అత్తగారిని చూసి, "డెబ్బై దాటినవాళ్లకి సగం టికెట్టేనమ్మా. మీ వయసెంత?" అని అడిగాడు.

అత్తగారు అల్లుడి వైపు ఒక్కసారి ఓరగా చూసింది.

"అరవై తొమ్మిది," అంది.

ముందుచూపు పర్సు తీసి రెండు పూర్తి టికెట్లకి డబ్బు చెల్లించాడు.

"తిరుగు టికెట్లు కూడా ఇప్పుడే తీసుకుంటారా?" అన్నాడు కిటికీ లోపలి మనిషి.

"వద్దు నాయనా," అంది అత్తగారు మెట్లు దిగుతూ. "వచ్చేటప్పుడు చూసుకుందాం."